పదిహేడు గ్రెయిన్లు

ఖతర్‌లో దుఖాన్ రోడ్డు మీంచి ఎడమకు మళ్ళి ఇసుకదారిలో ఆరు కిలోమీటర్లు లోపలికి పోతే ముబారక్ బాబా తోట వస్తుంది. ఆ తోటలో రాజనర్సుకు రెండు పనులు. పొద్దున జంతువులకు మేత వేయడం, మధ్యాహ్నం తూటాలు నింపడం. మొదటి పని వీసా మీద రాసి ఉన్నదే. రెండోది ముసలాయన తన పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది.

ముబారక్ బాబా బజారు తూటా కాల్చే మనిషి కాదు. దుఖాన్‌లో చమురు పడిన కొత్తలో అక్కడి కంపెనీలో పనిచేసి వెళ్ళిపోతున్న ఒక ఇంగ్లీషు దొర దగ్గర కొన్న రైఫిల్ ఆయనది. త్రీ సెవెంటీ ఫైవ్. వందేళ్ళ కిందట ఏనుగుల కోసం, అడవిదున్నల కోసం తయారుచేసిన తూటా దానికి. ఆ తూటా చూపుడువేలంత పొడుగు ఉంటుంది. ఇత్తడి గొట్టం, అడుగున మొలతాడు కట్టినట్టు ఒక పట్టీ. ఆ రైఫిల్‌తో ఆయన సూడాన్ వెళ్ళాడు, టాంజానియా వెళ్ళాడు. వెళ్ళిన ప్రతిసారీ తన తూటాలు తానే నింపుకుని వెళ్ళాడు. రెండేళ్ళ కిందట చేతులకు వణుకు వచ్చింది. తక్కెడ పళ్ళెంలో పోయాల్సిన తుపాకిమందు బల్ల మీద ఒలికిపోవడం మొదలయ్యాక, ఒకరోజు కుర్చీలోంచి లేచి, "నువ్వు కూర్చో రాజా" అన్నాడు. అప్పట్నుంచి ఆ కుర్చీ రాజనర్సుది.

ఆ సోమవారం రాజనర్సు ఖాళీ గొట్టాలను ఒక్కొక్కటే వెలుగుకు ఎత్తి పట్టి, మూతి దగ్గర పగులు ఉందేమో చూస్తున్నాడు. ముసలాయన చేతికర్ర పొడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆరు తూటాలు చెయ్యి రాజా. శుక్రవారానికి."

"ఏ దేశం పోతున్నవ్ బాబా?"

ఇద్దరూ మాట్లాడుకునేది హిందీ, అరబీ కలిపిన మాట. పదకొండేళ్ళలో అది వాళ్ళిద్దరికే అర్థమయ్యే భాషగా తయారైంది.

"ఏ దేశమూ పోను." ముసలాయన కిటికీలోంచి బయటికి చూశాడు. కంచె లోపల, నీళ్ళతొట్టి పక్కన, పటేల్ నిలబడి ఉన్నాడు. "వాడి కోసం."

పటేల్ అని పేరు పెట్టింది రాజనర్సే. ఆఫ్రికా నుంచి దూడగా తెచ్చిన ఎలాండ్ అనే పెద్దజింక అది. ఖానాపూర్ అడవుల్లో తను చూసిన మనుబోతుకు రెండింతలుంటుంది. మెడ కింద వేలాడే గంగడోలు, మెలి తిరిగిన కొమ్ములు, ఎవరికీ దారి ఇవ్వని నడక. నడుస్తుంటే మోకాళ్ళు టిక్కు టిక్కుమని చప్పుడు చేస్తాయి. ఊళ్ళో పాత పటేలు కిర్రుచెప్పులేసుకుని వస్తున్నట్టే ఉందని మొదటిరోజే నవ్వుకున్నాడు.

"పటేల్‌నా?" అన్నాడు రాజనర్సు.

ముసలాయన బల్ల మీది గొట్టం ఒకటి తీసుకున్నాడు. అది వేళ్ళ మధ్య గడగడలాడింది. మళ్ళీ పెట్టేసి వెళ్ళిపోయాడు.

*

మర్నాడు పశువుల డాక్టరు సుబ్బారావు అబూ హమూర్ నుంచి వచ్చాడు. బాపట్ల మనిషి, ఖతర్ వచ్చి పదేళ్ళు దాటింది. కంచె అవతల రోడ్డు యంత్రాలు ఇసుకను తవ్వి పోస్తున్నాయి. ప్రపంచకప్పుకు ఇంకా తొమ్మిది నెలలు. కొత్త రోడ్డు జంతువుల ఆవరణ మధ్యలోంచి పోతుంది, నెలాఖరుకు ఖాళీ చేయాలి. జింకలనూ, పొడుగు కొమ్ముల ఓరిక్స్‌లనూ ఉత్తరాన ఇంకొకరి తోటకు ఇస్తున్నారు. శనివారం లారీలు వస్తాయి. ఒక్కొక్కదాన్నీ చూసి కాగితం రాయడానికి వచ్చాడు డాక్టరు.

పటేల్ దగ్గరికి వచ్చేసరికి రాజనర్సు నానబెట్టిన రొట్టెల గిన్నె పట్టుకుని ముందే నిలబడి ఉన్నాడు.

"ఏంటయ్యా, అలా ముఖం మాడ్చుకున్నావ్?" అన్నాడు డాక్టరు.

"పటేల్‌ను కాల్చి సంపుతరంట గద సార్."

డాక్టరు జంతువు పెదవి పైకెత్తి, టార్చి వేసి చూపించాడు. "చూడు. దవడపళ్ళు అరిగిపోయి చిగుళ్ళతో సమానమైపోయాయి. ఇరవై ఏళ్ళు దాటిన ప్రాణం ఇది."

"నేను ఖుబ్బూస్ నానవెట్టి పెడ్తున్న గద. తింటున్నడు మంచిగ."

"నువ్వు పెడుతున్నావ్. అక్కడెవరు పెడతారు? అసలు అక్కడిదాకా చేరితే కదా! మత్తిచ్చి లారీ ఎక్కిస్తే గుండె ఆగుతుంది. మత్తు లేకుండా ఎక్కిస్తే బెదిరి కాళ్ళు విరగ్గొట్టుకుంటుంది. వేరే దారి లేదా అని ముసలాయన నన్ను మూడుసార్లు అడిగాడు. లేదన్నాను."

"సూదేసి పండవెట్టరాదు మరి? తుపాకెందుకు?"

"నేనూ అదే అన్నాను. సూది చూస్తే దానికి తెలిసిపోతుందన్నాడాయన. మేత తింటూ తింటూ, తలెత్తేలోపే అయిపోవాలంట. సరైన తూటా భుజంలో పడితే అది చప్పుడు కూడా వినదు రాజనర్సూ. ఆ మాట నిజమే."

రాజనర్సు తల ఊపాడు గానీ మాట లోపలికి దిగలేదు. ముసలాయన అతిథులతో కూర్చునే మజ్లిస్ గోడల మీద ముప్పై వేట తలలున్నాయి. వాటి గాజుకళ్ళ దుమ్ము తుడిచేది తనే. ముప్పై తలలున్న మనిషికి ముప్పై ఒకటోది కావాలి, అంతే. డాక్టరుదేముంది, సంతకం పెట్టి పోతాడు. లారీ ఎక్కినవన్నీ సస్తయా? తను రెండు దినాలు ఆకలితో, నిలబడే సందు లేని జనరల్ బోగీలో బొంబాయికి పోలేదా? బతకలేదా?

డాక్టరు కారెక్కాక, పటేల్ తల వంచి గిన్నె మొత్తం నాకాడు. ఆ గరుకు నాలుక రాజనర్సు మణికట్టు దాకా వచ్చింది.

*

బుధవారం మధ్యాహ్నం గది తలుపు దగ్గరికి వేసి కూర్చున్నాడు.

గొట్టాలకు లేత నూనె రాసి, యంత్రంలో పెట్టి, పిడి కిందికి లాగి ఒక్కోదాన్నీ మళ్ళీ సరైన కొలతకు తెచ్చాడు. అడుగున నిప్పు రాజేసే మందుబిళ్ళ కూర్చాడు. తరువాత తక్కెడ ముందుకు లాక్కున్నాడు. ఇక్కడ ఊపిరి కూడా నెమ్మదిగా తీయాలి. ముసలాయన లెక్క డెబ్భై రెండు గ్రెయిన్ల మందు. ఒక గ్రెయిన్ అంటే చిటికెడు కూడా కాదు, చిటికెలో చిటికె. ఒకటి ఎక్కువైతే ఆయన ఒప్పుకోడు, ఒకటి తక్కువైతే ఒప్పుకోడు.

రాజనర్సు యాభై అయిదు దగ్గర చెయ్యి ఆపాడు.

రెండు రాత్రులుగా ఆలోచించిందే. రైఫిల్ రెండువందల గజాలకు సరిచేసి ఉంది. ముసలాయన ఎప్పుడూ ఆ దూరం నుంచే కొడతాడు. మందు నాలుగో వంతు తగ్గితే, భుజానికి గురిపెట్టిన గుండు అక్కడికి చేరేసరికి మూరెడు కిందికి జారుతుంది. పటేల్ కాళ్ళ మధ్య ఇసుకలో పడుతుంది. చప్పుడుకు బెదిరి పటేల్ పరుగెత్తుతాడు. పరుగెత్తే జంతువును, దెబ్బ తగలనిదాన్ని, ముసలాయన కాల్చడు. ఇన్నేళ్ళలో ఎన్ని కథలు చెప్పినా ఆ నియమం తప్పిన కథ ఒక్కటీ లేదు. ఇక శుక్రవారం దాటితే శనివారం లారీలు. కాగితం మీద ఏమి రాసినా, నిలబడి ఉన్న జంతువును ఎక్కించక ఏం చేస్తారు?

ఇంకా తగ్గించవచ్చు. కానీ మరీ తగ్గితే గుండు తుపాకీ గొట్టంలోనే ఇరుక్కుంటుంది, రెండోసారి కాలిస్తే రైఫిల్ ముసలాయన ముఖం మీదే పేలుతుంది. అది కూడా ఆయన నేర్పిందే. అందుకే యాభై అయిదు. ఎవరికీ ఏమీ కాదు. పటేల్ బతుకుతాడు, ముసలాయనకు ఒక గురి తప్పుతుంది, అంతే.

ఆరు గొట్టాల్లోనూ అంతే పోశాడు. గుండ్లు బిగించి, బట్టతో తుడిచి, తోలు సంచీలో పెట్టాడు. బయటికి చూస్తే ఏ తేడా లేదు.

వేటకు ముందు ఒక తూటా కాల్చి చూసుకోవడం ముసలాయన అలవాటు. రాజనర్సు దాని గురించే భయపడ్డాడు. గురువారం పొద్దున ముసలాయన కొడుకు ఫహద్ వచ్చి, రోడ్డు పనివాళ్ళు కంచె పక్కనే ఉన్నారు, ఊరికే చప్పుళ్ళు వద్దన్నాడు. ముసలాయన గొణిగాడు గానీ ఊరుకున్నాడు. రాజనర్సు ఊపిరి పీల్చుకున్నాడు. అలమారాలో టాంజానియా నుంచి మిగిలి వచ్చిన నాలుగు పాత తూటాలున్నాయి. వాటిని ఎవరూ తీయకుండా గుడ్డల వెనక్కి నెట్టాడు.

*

శుక్రవారం పొద్దున మంచు దట్టంగా పట్టింది. తెల్లవారకముందరి ఫజర్ నమాజు అయ్యాక ముసలాయన ఒక గంటసేపు పికప్‌లో కూర్చుని ఎదురుచూశాడు. బండి నడిపేది గజేందర్, జగిత్యాల దగ్గరి మనిషి, తోటలో నీళ్ళ టాంకరు డ్రైవరు. ఎండ పొడ వచ్చి మంచు విడిచాక, ఇసుక మీద బర్సీం గడ్డి మోపు ముందు పటేల్ కనిపించాడు. పక్కవాటంగా నిలబడి నెమ్మదిగా నములుతున్నాడు.

రాజనర్సు మూడుకాళ్ళ కర్ర పాతాడు. రైఫిల్ ఆన్చడానికి అది. సరిగ్గా రెండువందల గజాలు. తనే కొలిచి పెట్టుకున్న చోటు.

ముసలాయన రైఫిల్ ఆన్చి, చాలాసేపు చూశాడు. తల ఎత్తాడు. కళ్ళు నులుముకున్నాడు.

"ఇంకొంచెం ముందుకు పోదాం."

"ఇక్కడి నుంచే మంచిగున్నది బాబా. ముందుకు పోతే బెదురుతడు."

"వాడికి నేను తెలియనా?" ముసలాయన అప్పటికే నడుస్తున్నాడు.

రాజనర్సు కర్ర పీక్కుని వెనక పరుగెత్తాడు. "బాబా, చాలు. ఈడ్నే." ముసలాయన ఆగలేదు. నూటయాభై. నూట ముప్పై. దగ్గరయ్యేకొద్దీ గుండు జారేది తగ్గుతుంది. మూరెడు కాస్తా జానెడవుతుంది. ఆ సంగతి రాజనర్సుకు తెలుసు. నూటఇరవై గజాల దగ్గర ముసలాయన నిలబడి చెయ్యి చాపాడు. రాజనర్సు కర్ర పాతాడు. అప్పుడైనా నోరు తెరవవచ్చు. ఒక్క మాట చాలు. దాని వెంట వచ్చే మాటలన్నీ తలుచుకుని, కర్ర కాళ్ళను ఇసుకలో ఇంకొంచెం లోతుగా నొక్కాడు.

"బిస్మిల్లా, అల్లాహు అక్బర్" అని ముసలాయన కాల్చాడు.

పటేల్ తలెత్తాడు. ముందుకాలు ఒకటి మోకాలి పైన విరిగి పక్కకు వేలాడింది. ఒక క్షణం ఏమైందో తెలియనట్టు ఆ కాలు మీదే నిలబడబోయి, ముందుకు ఒరిగి, లేచి, మూడు కాళ్ళ మీద ముళ్ళచెట్ల గుబురులోకి పరుగెత్తాడు.

"వల్లా," అని దేవుణ్ణి తలుచుకున్నాడు ముసలాయన. గుబురు వైపు నడిచాడు.

రెండు గంటలు నెత్తుటి జాడ పట్టుకుని నడిచారు. అడవి పక్క ఊరివాడు కాబట్టి జాడ చూసేది రాజనర్సే. ఇసుక మీద నల్లగా ముద్దకట్టిన చుక్కలు, ఈడ్చిన గిట్ట గీత, ముల్లుకొమ్మకు అంటిన వెంట్రుకలు. ముసలాయన కర్ర మీద ఆనుకుని వస్తున్నాడు, రొప్పుతున్నాడు, ఆగమంటే ఆగడు. అలమారాలో గుడ్డల వెనక నాలుగు నిండు తూటాలు ఉన్నాయి. గజేందర్ బండి వేసుకుపోతే అరగంటలో తేవచ్చు. తూటాలు సంచీలో ఉండగా ఇంకా ఎందుకని ముసలాయన అడుగుతాడు. దానికి చెప్పాల్సిన జవాబు ఒక్కటే. రాజనర్సు వంగి మరో చుక్క వెతికాడు.

గుబురు లోపలి నుంచి టిక్కు, టిక్కుమని మోకాలి చప్పుడు వినిపించింది. ఒక చప్పుడుకూ మరో చప్పుడుకూ మధ్య చాలా ఎడం.

రెండో గుండు ఎనభై గజాల నుంచి. అది భుజంలోనే తగిలింది. నిండు మందుతో అయితే అక్కడితో అయిపోయేది. ఇది ఎముకలో చిక్కుకుని నిలిచిపోయింది. పటేల్ అరవలేదు. కూర్చుని మళ్ళీ లేచాడు. మూడోది ముప్పై గజాల నుంచి మెడ కింద. అప్పుడు పడ్డాడు, కానీ కడుపు ఇంకా ఎగసిపడుతూనే ఉంది.

"కొమ్ములు పట్టుకో" అన్నాడు ముసలాయన, నడుముకున్న కత్తి తీస్తూ.

రాజనర్సు ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని కొమ్ములు పట్టుకున్నాడు. పటేల్ కన్ను అతన్ని చూసింది. పరిచయమైన వాసన తగిలిందేమో, నాలుక కొంచెం బయటికి వచ్చింది. ముసలాయన చేతులు వణుకుతున్నాయి. కత్తి మొదటిసారి సరిగా దిగలేదు. రాజనర్సు ఒక చేత్తో కొమ్ము వదలకుండా, రెండో చేత్తో ఆయన మణికట్టు పట్టుకుని గట్టిగా నొక్కాడు.

*

మాంసం పనివాళ్ళకు పంచమన్నాడు ముసలాయన. తల గోడకు వద్దు, తోలు వద్దు, కొమ్ములు కూడా తనకు కనిపించకుండా పూడ్చెయ్యమన్నాడు. మజ్లిస్‌లోకి పోయి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. మధ్యాహ్నం భోజనం వాపసు వచ్చింది.

గజేందర్ వంటపాక రేకుల కింద కూరముక్కలు కోస్తూ నవ్వాడు. "ముసలోనికి శాతగాలె అన్నా. కండ్లు కనవడవు, చేతులు ఆగవు, షికార్ కావాల్నట. నూరు గజాల కాడ కాలిరగ్గొట్టిండు. మా ఊర్ల పిట్టలోళ్ళు నయం."

"నీకేం ఎర్కరా? నోరు మూస్కొని కొయ్యి."

"అరే, నేనేమన్న? ఫహద్ సాబే అంటుండు గట్ల."

రాజనర్సు అక్కణ్ణుంచి లేచి తూటాల గదికి పోయాడు. సంచీలో మూడు మిగిలాయి. రేపు ఎవరైనా తీసి చూస్తే? భయం అతని చేత పని చేయించింది. గుండ్లు ఊడబెరికాడు, మందు ఒక రేకు మీద పోశాడు, వెనకవైపు ఇసుకలో అగ్గిపుల్ల వేశాడు. అది పేలలేదు. పసుపుపచ్చ మంటతో బుస్సుమని కాలి, బూడిద కూడా మిగల్చకుండా పోయింది. గొట్టాలు మిగతా ఖాళీ గొట్టాలలో కలిపేశాడు.

శనివారం లారీలు వచ్చాయి. ఓరిక్స్‌లను ఎక్కిస్తుంటే ముసలాయన చూడటానికి రాలేదు. నిన్నటి నుంచి నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదని వంటమనిషి చెప్పింది. ఫహద్ వచ్చి రాజనర్సును పిలిచి, రైఫిల్ శుభ్రం చేసి పెట్టె కట్టమన్నాడు. తండ్రి లైసెన్సు వదులుకుంటున్నాడట, రేపు పోలీసు ఆఫీసులో అప్పజెప్పాలట. "నేను అడగలేదు. ఆయనే అన్నాడు" అన్నాడు ఫహద్, కొంచెం ఇబ్బందిగా. "తన చెయ్యి ఇక మనిషి చెయ్యి కాదంటున్నాడు."

సాయంత్రం లారీల దుమ్ము ఇంకా అణగకముందే ఊరి నుంచి భార్య భూమవ్వ ఫోను చేసింది.

"ఏమైంది? గొంతు గట్లున్నదేంది? పాణం బాగలేదా?"

ఖాళీ అయిన ఆవరణలో, నీళ్ళతొట్టి గట్టు మీద కూర్చుని, రాజనర్సు మొత్తం చెప్పాడు. ఎవరికైనా చెప్పడం అదే మొదటిసారి. భూమవ్వ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాలేదు.

"మంచికే చేసిన. నువ్వే చెప్పు, మంచికే గద?"

"మంచికే చేసినవ్" అంది ఆమె. "కని చెడ్డగైంది. ఇప్పుడు గా ముసలాయన తిండి మానేసి కూసుంటే నువ్వు చూస్కుంట ఎట్లుంటవ్?"

"చెప్తే జైల్ల ఏస్తరేమో. పంపిచ్చేస్తరేమో."

"పంపిస్తే రా. ఇంటికాడ నాలుగు బర్రెలున్నయి. గా దుబాయే లోకమా?" కొంచెం ఆగి, మెత్తగా అంది. "పెద్దమనిషి. నీకు ఇద్య నేర్పినోడు. తన తప్పు కానిదాన్ని నెత్తిన వెట్టుకొని పోతడు. పోయి చెప్పు."

*

ఆదివారం పొద్దున రాజనర్సు స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని మజ్లిస్‌కు పోయాడు. చెప్పులు బయట విడిచాడు. ముసలాయన అదే చోట కూర్చుని ఉన్నాడు. రెండు రోజుల్లో ముఖం కుంచించుకుపోయింది. తివాచీ మీద రైఫిల్ పెట్టె తాళం వేసి ఉంది.

"బాబా, ఒక మాట."

ముసలాయన తల తిప్పాడు.

"నీ చెయ్యి తప్పలేదు. మందు తప్పింది. నేనే తగ్గించిన. డెబ్భై రెండు పోసేకాడ యాభై అయిదు పోసిన. పటేల్ బతుకుతడని. ఇసుకల పడుతదనుకున్న. నీ గురి సక్కగనే ఉండె బాబా. గుండే కిందికి పోయింది."

చెప్పడం అయిపోయింది. అతను నిలబడ్డాడు, అరుపు కోసమో, చెంపదెబ్బ కోసమో. 

"ఇంకా మూడు తూటాలు ఉండాలి" అన్నాడు ముసలాయన నెమ్మదిగా. "పట్టుకురా. విప్పి తూచి చూద్దాం."

"లేవు బాబా. మందు కాల్చేసిన. భయమైంది."

"కాల్చేశావా."

"అల్లా మీద ఒట్టు. నా పిల్లల మీద ఒట్టు. నీ భుజానికి తెలియలేదా? తన్ను తక్కువ లేదా?"

"జంతువు ఎదురుగా ఉన్నప్పుడు భుజానికి ఏ తన్నూ తెలియదు రాజా. యాభై ఏళ్ళలో ఒక్కసారీ తెలియలేదు." ముసలాయన తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటిని చూసుకున్నాడు. "నేను ఎవరికీ చెప్పనిది నీకు చెబుతాను. మొన్న పటేల్ చోట నాకు రెండు జంతువులు కనిపించాయి. ఒకదాని పక్కన ఒకటి. ముందుకు పోతే ఒకటవుతాయనుకున్నాను. కాలేదు. రెండున్నాయని తెలిసి కూడా మీట నొక్కాను. తప్పు ఎక్కడుందో నాకు తెలియదా?"

"కాదు బాబా. రెండు కనవడితే గుండు పక్కకు పోతది. కిందికి ఎందుకు పోతది?"

ముసలాయన ముఖంలో, రెండు రోజుల తరువాత, చిన్న నవ్వు వచ్చింది. ఆ నవ్వు చూసి రాజనర్సు ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"నా కొడుకులు వచ్చారు. ఒకడు గాలి అన్నాడు, ఒకడు ఎండ అన్నాడు. వాళ్ళకు వాళ్ళ మాట మీదే నమ్మకం లేదు. నువ్వు లెక్క కట్టి తెచ్చావు. గ్రెయిన్లతో సహా. ఉద్యోగం పోతుందని తెలిసి తెచ్చావు." ఆయన చెయ్యి చాపి రాజనర్సు తల మీద పెట్టాడు. ఆ చెయ్యి తల మీద కూడా వణుకుతూనే ఉంది. "పదకొండేళ్ళు నా పక్కన ఉండి, రెండేళ్ళుగా నా తూటాలు నింపినవాడివి. నీ తక్కెడ తప్పదు. అది నాకు తెలుసు."

"బాబా, నిజం చెప్తున్న..."

"ఖలాస్. ఇంక ఆ మాట ఎత్తకు." ముసలాయన తలుపు వైపు తిరిగి కేక వేశాడు. "అన్నం తెమ్మను. ఇద్దరికీ."

పళ్ళెం వచ్చింది. ముసలాయన తన చేత్తో మాంసం ముక్క విరిచి రాజనర్సు వైపు పెట్టాడు. రాజనర్సు తిన్నాడు. తినకపోతే ఆయన తినడు.

మధ్యాహ్నానికి ఫహద్ పనివాళ్ళను వరసగా నిలబెట్టి ఎవరెక్కడికో చదివాడు. ఆవరణ పోయింది కాబట్టి నలుగురిని వేరే కంపెనీ క్యాంపుకు పంపుతున్నారు. అందులో గజేందర్ ఉన్నాడు. రాజనర్సు మాత్రం తండ్రి దగ్గరే, దోహాలో అల్ హిలాల్ పేట ఇంట్లోనే ఉంటాడన్నాడు. అది తండ్రి హుకుం. గజేందర్ బట్టల సంచీ భుజాన వేసుకుంటూ, "నీ నసీబ్ మంచిగున్నదన్నా" అన్నాడు. అందులో ఈర్ష్య కూడా లేదు. రాజనర్సు అతని సంచీ అందుకుని బస్సు దాకా మోశాడు. ఇంకేం చేయాలో తెలియలేదు.

రైఫిల్ పెట్టె ఫహద్ కారులో పోయింది. దాని వెనకే ఇంకో కారులో ముసలాయనా రాజనర్సూ దోహాకు వచ్చారు.

సాయంత్రపు అసర్ నమాజు దాటాక అల్ హిలాల్ ఇంటి మజ్లిస్‌కు చుట్టాలు వచ్చారు. ముసలాయన పట్నం వచ్చాడని తెలిసి చూడవచ్చినవాళ్ళు, తెల్లగడ్డాలవాళ్ళు అయిదారుగురు. వాళ్ళకు గహ్వా, అరబ్బుల కాఫీ, పోసే పని రాజనర్సుకు చెప్పారు. ఎడమచేత్తో కూజా, కుడిచేత్తో గుక్కెడు పట్టే చిన్న గిన్నెలు. తాగినాయన గిన్నెను అటూ ఇటూ ఊపితే ఇక వద్దని అర్థం. ఊపకపోతే మళ్ళీ పోయాలి.

వరసలో చివరాయనకు పోస్తుండగా ముసలాయన గొంతు వినిపించింది. అరబీలో చెబుతున్నాడు, కానీ రాజనర్సుకు అర్థం కాని మాట అందులో ఒక్కటీ లేదు. తన కళ్ళ గురించి చెప్పాడు. కాలు విరిగిన జంతువు గురించి చెప్పాడు. తరువాత వేలు రాజనర్సు వైపు చూపించి, ఇతను, నా తప్పును తన నెత్తిన వేసుకోవడానికి వచ్చాడు, మందు నేనే తగ్గించానని పిల్లల మీద ఒట్టు పెట్టుకున్నాడు, అన్నాడు. ఇలాంటి మనిషి మీ ఇళ్ళల్లో ఒక్కడు ఉన్నాడా?

గదిలో తలలన్నీ ఇటు తిరిగాయి. చివరాయన గహ్వా తాగేసి, ఖాళీ గిన్నె చేతిలో పట్టుకుని, రెండో చెయ్యి గుండె మీద పెట్టుకుని రాజనర్సుకు తల వంచాడు. గిన్నె ఊపలేదు.

రాజనర్సు మళ్ళీ పోశాడు.